పతకాల పట్టికలో ఎవరు ముందు? దేశాల ప్రదర్శనను దేనితో కొలవాలి?

ప్రశ్న: బరిలో_ఒకడు

అంతర్జాతీయ క్రీడోత్సవాలను ఏళ్ల తరబడి శ్రద్ధగా గమనిస్తున్న వారి అభిప్రాయం తెలుసుకోవాలని ఈ ప్రశ్న అడుగుతున్నాను.

2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో జపాన్ 52 స్వర్ణాలతో రెండో స్థానంలోనూ, దక్షిణ కొరియా 42 స్వర్ణాలతో మూడో స్థానంలోనూ నిలిచాయి. మొత్తం పతకాలు చూస్తే మాత్రం కొరియాకు 190, జపాన్‌కు 188 వచ్చాయి. ఆటల్లో ఈ రెండు దేశాల మధ్య ఉన్న పోటాపోటీ అందరికీ తెలిసిందే కనుక, ఎవరు ముందున్నారన్నది వారికి చిన్న విషయమేమీ కాదు. మరుసటి ఏడాది పారిస్ ఒలింపిక్స్‌లో ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ ఎదురైంది. జావెలిన్‌లో అర్షద్ నదీమ్ 92.97 మీటర్లు విసిరి గెలిచిన ఒకే ఒక్క స్వర్ణంతో పాకిస్తాన్ 62వ స్థానంలో నిలవగా, అదే పోటీలో నీరజ్ చోప్రా సాధించిన రజతంతో పాటు ఐదు కాంస్యాలు గెలిచిన భారత్ 71వ స్థానంలో ఉండిపోయింది.

ఈ పట్టికలు చాలవన్నట్టు, పతకాలను జనాభాతో భాగించి కొత్త వరుస తయారు చేసేవారూ ఉన్నారు. అందులో అగ్రరాజ్యాలన్నీ కిందికి జారిపోయి చిన్న ద్వీప దేశాలు పైకి వస్తాయి. వీటిలో ఏ లెక్క న్యాయమైనది? అసలు ఒక దేశం ఆటల్లో బాగా రాణించిందని ఏ ఆధారంతో చెప్పాలి? మరో దేశంతో ఉన్న వైరం నిజంగా ఒక దేశపు క్రీడాస్థాయిని పెంచుతుందా, లేక పత్రికల శీర్షికలకే పనికొస్తుందా? ఉదాహరణలతో వివరిస్తే సంతోషిస్తాను.

సమాధానం: పాత_స్కోర్‌బోర్డు

ఒలింపిక్ చార్టర్ ప్రకారం ఈ పోటీలు క్రీడాకారుల మధ్య జరిగేవే తప్ప దేశాల మధ్య జరిగేవి కావు. కాబట్టి దేశాలకు ఇచ్చే ట్రోఫీ అంటూ ఏదీ లేదు. సమాచారం కోసం వేసే పట్టికలో ముందు స్వర్ణాలను, అవి సమానమైతే రజతాలను, అవీ సమానమైతే కాంస్యాలను చూడటం ఆనవాయితీగా స్థిరపడింది, అంతే. అమెరికా పత్రికలు, టీవీ చానళ్లు చాలాకాలంగా మొత్తం పతకాల ప్రకారమే వరుస వేస్తాయి. 2008 బీజింగ్ ఒలింపిక్స్ ముగిసిననాటికి చైనాకు 51 స్వర్ణాలు, మొత్తం 100 పతకాలు ఉండగా, అమెరికాకు 36 స్వర్ణాలు, 110 పతకాలు ఉన్నాయి. ఒకే ఫలితాలు చూసి రెండు దేశాల్లోనూ తామే మొదటి స్థానంలో ఉన్నామని చెప్పుకొనే వీలు కలిగింది.

స్వర్ణాలను మాత్రమే ప్రమాణంగా తీసుకుంటే ఎంత చిన్న తేడా మీద పెద్ద పెద్ద మాటలు ఆధారపడతాయో తెలియాలంటే 2024 ఆగస్టు 11న పారిస్‌లో జరిగింది చూడాలి. చివరి రోజున మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌లో లి వెన్‌వెన్ గెలుపుతో చైనా స్వర్ణాలు 40కి చేరాయి. అమెరికా ఆ సంఖ్యను అందుకోవాలంటే ఆ క్రీడోత్సవంలోనే ఆఖరి పోటీ అయిన మహిళల బాస్కెట్‌బాల్ ఫైనల్‌లో ఆతిథ్య ఫ్రాన్స్‌ను ఓడించి తీరాలి. అమెరికా మూడు పాయింట్ల ఆధిక్యంలో ఉండగా, సమయం ముగిసే క్షణంలో ఫ్రాన్స్ క్రీడాకారిణి గాబీ విలియమ్స్ విసిరిన బంతి బుట్టలో పడింది. అయితే విసిరేటప్పుడు ఆమె పాదం మూడు పాయింట్ల గీతను తాకి ఉండటంతో రెండు పాయింట్లే లభించాయి, ఆట 67-66తో ముగిసింది. ఆ పాదం కాస్త వెనక ఉండి ఉంటే మ్యాచ్ అదనపు సమయంలోకి వెళ్లేది, అక్కడ ఫ్రాన్స్ గెలిచి ఉంటే చైనా ఒక్కటే మొదటి స్థానంలో ఉండేది. చివరికి రెండు దేశాలూ 40 స్వర్ణాలతో సమానం కావడంతో రజతాలు 44 ఉన్న అమెరికా, 27 ఉన్న చైనా కంటే పైన నిలిచింది. ఒక క్రీడాకారిణి పాదం గీతను తాకిందా లేదా అన్నది చూసి రెండు మహా దేశాల క్రీడావ్యవస్థల్లో ఏది మేలైనదో తేల్చడం నా దృష్టిలో సరైన పని కాదు.

అలాగని మొత్తం పతకాల లెక్క నిర్దుష్టమైనదీ కాదు. అది కాంస్యానికీ స్వర్ణానికీ ఒకే విలువ ఇస్తుంది. పైగా బాక్సింగ్, రెజ్లింగ్, జూడో, తైక్వాండోలలో ఒక్కో బరువు విభాగానికి రెండేసి కాంస్యాలు ఇస్తారు కనుక, ఆ ఆటల్లో బలమైన దేశాలకు పరుగు, ఈత వంటి వాటిలో బలమైన దేశాల కంటే ఎక్కువ పతకాలు అందే అవకాశం ఉంటుంది.

నేను స్వర్ణానికి మూడు, రజతానికి రెండు, కాంస్యానికి ఒకటి చొప్పున పాయింట్లు వేసి చూస్తాను. మీరు అడిగిన హాంగ్‌జౌ ఉదాహరణలో జపాన్ పతకాలు 52, 67, 69 కాగా కొరియా పతకాలు 42, 59, 89. పాయింట్లు వేస్తే జపాన్‌కు 359, కొరియాకు 333 వస్తాయి. మొత్తం పతకాల్లో కొరియాకు దక్కిన రెండు పతకాల ఆధిక్యం కేవలం కాంస్యాల వల్ల వచ్చిందని దీంతో తేలిపోతుంది. పారిస్‌లో భారత్, పాకిస్తాన్‌ల మాటకొస్తే ఏడు, మూడు వస్తాయి. ఇంకాస్త లోతుగా చూడాలనుకునే వారికి అథ్లెటిక్స్ ప్రపంచ చాంపియన్‌షిప్స్‌లో వాడే పద్ధతి మేలైనది. అక్కడ మొదటి స్థానానికి ఎనిమిది నుంచి ఎనిమిదో స్థానానికి ఒకటి దాకా పాయింట్లు వేసి దేశాలవారీ పట్టిక తయారు చేస్తారు. నాలుగో స్థానంలో వచ్చిన వారి శ్రమ కూడా దేశపు ఖాతాలో కనబడటం అవసరమని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే రాబోయే నాలుగేళ్లలో పతకం తెచ్చేది తరచుగా వాళ్లే.

సమాధానం: ఎనిమిదో_లేన్

జనాభా లెక్క గురించి నేను చెబుతాను. ఆ పట్టికలో పైన కనబడే దేశాల విజయాలు నిస్సందేహంగా గొప్పవే. పారిస్‌లో జూలియన్ ఆల్ఫ్రెడ్ 100 మీటర్లను 10.72 సెకన్లలో ముగించి సెయింట్ లూసియాకు తొలి ఒలింపిక్ పతకాన్ని, అదీ స్వర్ణాన్ని అందించింది. ఆ తర్వాత 200 మీటర్లలో రజతం కూడా గెలిచింది. ఆ దేశ జనాభా సుమారు 1.8 లక్షలు. దాదాపు 70 వేల మంది ఉన్న డొమినికాకు ట్రిపుల్ జంప్‌లో థియా లాఫాండ్ స్వర్ణం తెచ్చింది. అయితే ఆ ఒక్క క్రీడాకారిణి ఆ రోజు గాయపడి ఉంటే ఆ దేశం పట్టిక పైభాగం నుంచి సున్నాకు పడిపోయేది. ఒక మనిషి ఉండటం, లేకపోవడం మీద ఇంతగా మారిపోయే లెక్కను ఒక దేశపు క్రీడావ్యవస్థకు కొలమానంగా తీసుకోలేము.

పెద్ద దేశాలకు ఈ లెక్కలో జరిగే అన్యాయం మరొకటి ఉంది. ఎంత జనాభా ఉన్నా బరిలోకి దింపగల వారి సంఖ్యకు పరిమితి ఉంటుంది. అథ్లెటిక్స్‌లో ఒక్కో అంశానికి ఒక దేశం నుంచి ముగ్గురికి, ఈతలో ఇద్దరికి మించి అవకాశం లేదు. అమెరికా ఒలింపిక్ జట్టు ఎంపిక పోటీల్లో (ట్రయల్స్‌లో) 100 మీటర్ల పరుగులో నాలుగో స్థానంలో వచ్చిన వ్యక్తి మరే దేశంలో పుట్టినా ఒలింపిక్స్ ఫైనల్ దాకా వెళ్లగలిగేవాడేమో, కానీ ఇంట్లో కూర్చుని చూడక తప్పదు. టేబుల్ టెన్నిస్‌లో ఇది ఇంకా స్పష్టంగా కనబడుతుంది. 2008లో పురుషుల, మహిళల సింగిల్స్ రెండింటిలోనూ మూడు పతకాలూ చైనా వారే గెలుచుకున్నారు. 2012 నుంచి సింగిల్స్‌లో దేశానికి ఇద్దరే అన్న నిబంధన వచ్చింది. ఆ తర్వాత అక్కడ ఎంత మంది మేటి ఆటగాళ్లున్నా మూడో పతకం గెలిచే దారే లేదు. కాబట్టి జనాభా రెట్టింపయితే పతకాలు కూడా రెట్టింపు కావాలన్న అంచనాయే తప్పు.

ఆర్థికవేత్తలు ఈ విషయాన్ని పరిశీలించినప్పుడు జనాభా ఒక్కటే కాక, తలసరి ఆదాయం కూడా కలిస్తేనే పతకాల సంఖ్యను అంచనా వేయగలమని తేలింది. వీటికి తోడు ఆతిథ్య దేశానికి అదనంగా కొంత కలిసివస్తుందని, సోవియట్ తరహా వ్యవస్థలున్న దేశాలు తమ సంపదకు మించి పతకాలు గెలిచేవని కూడా గమనించారు.

నా దృష్టిలో వీటన్నిటికంటే ముఖ్యమైనది ఏ ఆటను ఎంచుకున్నారన్నదే. పారిస్‌లో విలువిద్యలోని ఐదు స్వర్ణాలూ కొరియాకే వెళ్లాయి. డైవింగ్‌లోని ఎనిమిదీ, టేబుల్ టెన్నిస్‌లోని ఐదూ చైనా గెలిచింది. కెన్యా గెలిచిన నాలుగు స్వర్ణాలూ పరుగులోనివే. ఉజ్బెకిస్తాన్ ఎనిమిది స్వర్ణాలతో 13వ స్థానానికి చేరింది, అందులో ఐదు బాక్సింగ్‌లోనివి, మిగిలిన మూడు జూడో, రెజ్లింగ్, తైక్వాండోల నుంచి వచ్చాయి. సుమారు 1.8 కోట్ల జనాభా ఉన్న నెదర్లాండ్స్ 15 స్వర్ణాలతో ఆరో స్థానంలో నిలిచింది, వాటిలో ఎక్కువ రోయింగ్, సైక్లింగ్, సెయిలింగ్, హాకీలలోనివి. ఇక్కడే పట్టికలోని ఒక లోపాన్ని గుర్తించాలి. పురుషుల హాకీ, మహిళల హాకీ రెండింటిలోనూ ఆ దేశమే గెలిచినా, రెండు పూర్తి జట్లు ఏళ్ల తరబడి చేసిన సాధనకు పట్టికలో రెండు స్వర్ణాలే కలిశాయి. 2008లో అమెరికాకు చెందిన మైఖేల్ ఫెల్ప్స్ ఒక్కడే ఈతలో ఎనిమిది స్వర్ణాలు సాధించాడు. అందులో మూడు రిలేలు పక్కన పెట్టినా వ్యక్తిగత స్వర్ణాలు ఐదు. జట్టు ఆటల్లో ప్రపంచమంతా మెచ్చుకునే దేశం పట్టికలో వెనకబడి ఉండటానికి, ఒకే ఈతకొలనులో అనేక అంశాలున్న ఆటను ఎంచుకున్న దేశం ముందుండటానికి ఇదే కారణం.

ప్రశ్న అడిగినవారి స్పందన: బరిలో_ఒకడు

పాత_స్కోర్‌బోర్డు గారికీ, ఎనిమిదో_లేన్ గారికీ కృతజ్ఞతలు. దేశం చేసుకునే ఎంపికకు ఇంత ప్రాధాన్యం ఉందని నేను ఇంతవరకు ఆలోచించలేదు. అయితే ఆ ఎంపికను దేశాలు ఎందుకు, ఎప్పుడు చేసుకుంటాయి? ప్రత్యర్థి చేతిలో ఓడిపోయాకనేనా? ఎవరైనా చరిత్రలోంచి చెప్పగలరా?

సమాధానం: మాంట్రియల్76

దాదాపు ఎప్పుడూ ఓడిపోయాకనే. దీన్ని అర్థం చేసుకోవడానికి 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌ను మించిన ఉదాహరణ నాకు కనబడలేదు. ఆ ఒక్క క్రీడోత్సవం కనీసం రెండు దేశాల క్రీడా విధానాలను మలుపు తిప్పింది.

ఆస్ట్రేలియా అక్కడ ఒక్క స్వర్ణం కూడా గెలవలేదు, ఒక రజతం, నాలుగు కాంస్యాలతో తిరిగి వెళ్లింది. ఈతలో తమకు సాటి లేదనుకునే దేశానికి అది భరించరాని అవమానంగా తోచింది. ఆ అసంతృప్తి ఫలితంగానే 1981లో కాన్‌బెర్రాలో ఆస్ట్రేలియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్ ఏర్పడింది. కోచ్‌లు, క్రీడావైద్యులు, శాస్త్రవేత్తలు ఒకేచోట ఉండి పనిచేసే ఆ పద్ధతిని తర్వాత ఎన్నో దేశాలు అనుసరించాయి. 2000లో సిడ్నీలో సొంతగడ్డపై ఆస్ట్రేలియా 16 స్వర్ణాలతో 58 పతకాలు గెలిచింది. 2024లో పారిస్‌లో 18 స్వర్ణాలతో తన చరిత్రలోనే అత్యుత్తమ ఫలితం నమోదు చేసింది.

రెండో దేశం అమెరికా. మాంట్రియల్‌లో సోవియట్ యూనియన్ 49 స్వర్ణాలు, తూర్పు జర్మనీ 40 స్వర్ణాలు గెలవగా అమెరికా 34తో మూడో స్థానానికి పడిపోయింది. అంతకు నాలుగేళ్ల ముందే మ్యూనిక్ బాస్కెట్‌బాల్ ఫైనల్‌లో చివరి మూడు సెకన్ల ఆటను మళ్లీ ఆడించిన తర్వాత సోవియట్ జట్టు 51-50తో గెలవడం, ఆ నిర్ణయాన్ని ఒప్పుకోని అమెరికా ఆటగాళ్లు రజత పతకాలను స్వీకరించకపోవడం అప్పటికీ పచ్చిగానే ఉంది. దేశంలోని క్రీడాసంఘాల మధ్య ఉన్న కుమ్ములాటలే వెనకబాటుకు కారణమని భావించి, 1978లో అమెరికన్ కాంగ్రెస్ అమెచ్యూర్ స్పోర్ట్స్ చట్టం చేసి, ఒక్కో ఆటకు ఒక్కో జాతీయ సంఘం ఉండేలా వ్యవస్థను పునర్నిర్మించింది.

ఇక అక్కడ అమెరికాను దాటిపోయిన తూర్పు జర్మనీ సంగతి. దాని కథ చెప్పకుండా వైరం గురించి మాట్లాడటం అసంపూర్ణమని నా ఉద్దేశం. 1964 దాకా రెండు జర్మనీల క్రీడాకారులూ ఒకే జట్టుగా ఒలింపిక్స్‌కు వెళ్లేవారు. 1968 నుంచి విడివిడిగా పోటీపడటం మొదలయ్యాక పశ్చిమ జర్మనీ కంటే తామే మెరుగని చూపించడం తూర్పు జర్మనీ ప్రభుత్వానికి రాజకీయ లక్ష్యమైంది. 1972లో పశ్చిమ జర్మనీ గడ్డపైనే, మ్యూనిక్‌లో, 20 స్వర్ణాలు గెలిచి, 13 దగ్గరే ఆగిన ఆతిథ్య దేశాన్ని దాటేసింది. ఆ తర్వాత 1974లో ప్రభుత్వమే ఒక రహస్య డోపింగ్ పథకానికి ఆమోదం తెలిపింది. రెండేళ్లకు మాంట్రియల్‌లో మహిళల ఈతలోని 13 స్వర్ణాల్లో 11 ఆ దేశానికే దక్కాయి. సుమారు 1.7 కోట్ల జనాభా ఉన్న దేశం అమెరికాను దాటి పోవడాన్ని ఆనాడు చాలామంది క్రమశిక్షణకు, శాస్త్రీయ శిక్షణకు నిదర్శనంగా కొనియాడారు. ఆ ఈతగత్తెల భారీ కండరాల గురించి, మారిన గొంతుల గురించి బహిరంగంగా అనుమానం వ్యక్తం చేసిన అమెరికా క్రీడాకారిణి షర్లీ బాబషాఫ్‌ను, ఓటమిని ఓర్వలేని మనిషిగా పత్రికలు చిత్రించాయి. జర్మనీ ఏకమైన తర్వాత బయటపడిన పత్రాలు ఆమె అన్నదే నిజమని నిరూపించాయి. చిన్న వయసు బాలికలకు విటమిన్లని చెప్పి పురుష హార్మోన్ల మాత్రలు మింగించారు. వారిలో అనేకులు జీవితాంతం అనారోగ్యాలతో బాధపడ్డారు. 2000లో బెర్లిన్ న్యాయస్థానం ఆనాటి క్రీడాధిపతి మన్‌ఫ్రెడ్ ఎవాల్డ్‌ను దోషిగా తేల్చినా, పడింది అమలు నిలిపివేసిన శిక్షే. మాంట్రియల్ పతకాలను మాత్రం వెనక్కి తీసుకోలేదు, ఆనాటి పట్టిక నేటికీ అలాగే ఉంది.

ఆరోగ్యకరమైన ఉదాహరణగా బ్రిటన్‌ను చెప్పవచ్చు, అయినా దానికీ ఒక మూల్యం ఉంది. 1996 అట్లాంటాలో ఒకే ఒక్క స్వర్ణంతో 36వ స్థానంలో నిలిచిన ఆ దేశం, జాతీయ లాటరీ ఆదాయంలో కొంత మేటి క్రీడాకారుల శిక్షణకు మళ్లించింది. 2000లో 11, 2008లో 19, 2012లో సొంతగడ్డపై 29, 2016లో 27 స్వర్ణాలు గెలిచి, రియోలో చైనాను సైతం వెనక్కి నెట్టి రెండో స్థానానికి చేరింది. అయితే పతకం తెచ్చే ఆటలకే డబ్బు అన్న సూత్రాన్ని ఆ దేశం కఠినంగా పాటించింది. ఎంతోమంది పిల్లలు ఆడే బాస్కెట్‌బాల్‌కు ఒలింపిక్ పతకం వచ్చే సూచనలు లేవని 2014లో నిధులు ఆపేశారు. పట్టికలో స్థానం పెరగడానికీ, దేశంలో ఆటలు ఆడేవారు పెరగడానికీ సంబంధం ఉండి తీరాలని లేదు, కొన్నిసార్లు ఒకదాని కోసం రెండోదాన్ని వదులుకోవాల్సి వస్తుంది.

వైరంలోని అసలు తీవ్రత పట్టికలో కనబడకపోవచ్చు కూడా. 1956లో సోవియట్ సైన్యం హంగేరీలో తిరుగుబాటును అణచివేసిన కొద్ది వారాలకే మెల్‌బోర్న్‌లో ఆ రెండు దేశాల వాటర్‌పోలో జట్లు తలపడ్డాయి. హంగేరీ ఆటగాడు ఎర్విన్ జాదోర్ కంటి దగ్గర దెబ్బ తగిలి, నెత్తురోడుతూ కొలను నుంచి బయటికి వచ్చిన ఆ మ్యాచ్‌లో హంగేరీ 4-0తో గెలిచింది. అది ఫైనల్ కూడా కాదు. ఆ జట్టు చివరికి గెలిచిన స్వర్ణం పట్టికలో ఒక్క అంకెగానే నమోదైంది.

సమాధానం: ముగింపు_గీత

పై సమాధానాలతో ఏకీభవిస్తూ, పట్టికలను పోల్చేటప్పుడు పాటించవలసిన కొన్ని జాగ్రత్తలు చెబుతాను. ముందుగా, ఆ ఏడాది ఎవరు రాలేదో చూడాలి. అమెరికా నాయకత్వంలో అనేక దేశాలు బహిష్కరించిన 1980 మాస్కో ఒలింపిక్స్‌లో సోవియట్ యూనియన్‌కు 80 స్వర్ణాలు వచ్చాయి. సోవియట్ కూటమి దూరంగా ఉన్న 1984 లాస్ ఏంజెలెస్‌లో అమెరికాకు 83 వచ్చాయి. ఆ కూటమి మాట కాదని లాస్ ఏంజెలెస్ వెళ్లిన రొమేనియా 20 స్వర్ణాలతో రెండో స్థానంలో నిలిచింది. ఈ అంకెలను మిగతా ఏళ్ల అంకెల పక్కన పెట్టి ఎదుగుదల గురించో పతనం గురించో మాట్లాడకూడదు. ఆతిథ్యం ఇచ్చిన ఏడాది ఫలితాన్ని కూడా విడిగానే చూడాలి.

ప్రత్యర్థి దేశంతో కంటే ఒక దేశాన్ని దాని గతంతో పోల్చడమే నాకు సమంజసంగా తోస్తుంది. అప్పుడు కూడా ఒకటి కంటే ఎక్కువ కొలతలు దగ్గర పెట్టుకోవాలి. పారిస్‌లో బ్రిటన్ 14 స్వర్ణాలతో ఏడో స్థానానికి దిగిపోయింది కనుక దాని పని అయిపోయిందని కొందరు రాశారు. కానీ మొత్తం 65 పతకాలతో అది అమెరికా, చైనాల తర్వాత మూడో స్థానంలో ఉంది, 2012లో లండన్‌లో గెలిచినన్ని పతకాలే ఇప్పుడూ గెలిచింది. పతకాల దాకా వెళ్లేవారి సంఖ్య తగ్గలేదు, చివరి అంచెలో గెలవడమే తగ్గింది. ఈ రెండింటికీ కారణాలు వేరు, మందు కూడా వేరు.

చివరగా, పోటీలు ముగిసిన రాత్రి కనబడే పట్టికను తుది పట్టికగా భావించకండి. 2008లో చైనాకు వచ్చిన 51 స్వర్ణాలు నేడు 48. డోపింగ్ పరీక్షల కోసం తీసి నిల్వ చేసిన నమూనాలను తిరిగి పరీక్షించినప్పుడు ముగ్గురు మహిళా వెయిట్‌లిఫ్టర్లు దొరికిపోయారు. లండన్‌లో కజకిస్తాన్ వెయిట్‌లిఫ్టింగ్‌లో గెలిచిన నాలుగు స్వర్ణాలూ అలాగే పోయాయి. 2024 ఆగస్టులో పారిస్ పోటీలు జరుగుతుండగానే, పాత ఒలింపిక్స్‌లో అన్యాయంగా వెనకబడిన పది మందికి అక్కడే వేదికపై పతకాలు అందజేశారు. 2012లో 400 మీటర్ల హర్డిల్స్‌లో రెండో స్థానంలో వచ్చిన అమెరికా క్రీడాకారిణి లషిండా డెమస్, తన ముందు పరుగెత్తిన రష్యా క్రీడాకారిణి అనర్హురాలు కావడంతో పన్నెండేళ్ల తర్వాత స్వర్ణం అందుకుంది. 2000లో సిడ్నీలో 200 మీటర్లలో నాలుగో స్థానంలో వచ్చిన జమైకా క్రీడాకారిణి బెవర్లీ మెక్‌డొనాల్డ్ చేతికి కాంస్యం రావడానికి 24 ఏళ్లు పట్టింది. ఇప్పటి నమూనాలను పదేళ్ల పాటు భద్రపరుస్తారు కనుక పారిస్ లెక్కలు 2034 దాకా మారే అవకాశం ఉంది. అమెరికా, చైనాలు 40 స్వర్ణాలతో సమానంగా ఉన్న ఆ పట్టికలో ఒక్క స్వర్ణం అటూ ఇటూ అయినా వరుస మారవచ్చు.